మొదటి అరగంట ఇవ్వండి

తిరుపతిలో అంగళ్లు, లాడ్జీలు, హోటళ్లు, మందుల షాపులు, ఆఫీసులు, బడులు, జూనియర్ కాలేజీలు నడుపుతున్న పెద్దలకు నమస్కారం.

మీ దగ్గర పనిచేసేవాళ్లలో, చదువుకునేవాళ్లలో మైగ్రేన్ ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. మన వైపు పెద్దవాళ్లు ఒంటి తలనొప్పి అంటారు, పుస్తకాల్లో పార్శ్వపు నొప్పి అని ఉంటుంది. పక్కనే బెంగళూరులోనూ దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ 18 నుంచి 65 ఏళ్ల వయసువాళ్ల మీద జరిగిన సర్వే 2015లో అచ్చయింది. ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవాళ్లు అందులో నూటికి 25 మంది తేలారు. ఆడవాళ్లలో ఇది మగవాళ్లకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇరవై మంది ఆడపిల్లలు చీరలు చూపించే అంగడిలో ఎంతమందికి ఉండొచ్చో మీరే లెక్క వేసుకోండి. ఈ నొప్పితో రోజూ పనికొచ్చేవాళ్లం, వాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

మేం అడుగుతున్నది ముఖ్యంగా ఒక్కటే. నొప్పి మొదలైందని మనిషి చెప్పిన వెంటనే అరగంట వదిలిపెట్టండి. మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, చీకటిగా ఉన్న చోట కదలకుండా ఉండడానికి ఆ అరగంట. "ఈ పార్టీ వెళ్లిపోనీ", "ఈ పీరియడ్ అయిపోనీ", "భోజనాల టైముకు వేసుకుందువులే" అన్నారంటే ఆ రోజు చేయి దాటిపోయినట్టే. ఎందుకింత గట్టిగా చెబుతున్నామో వివరంగా రాస్తాం.

మైగ్రేన్ వచ్చినప్పుడు ముఖానికి, తలకు స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నరం రెచ్చిపోతుంది. దాని కొసల నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం వెలువడి మెదడు పైపొరల్లోని రక్తనాళాలను ఉబ్బిస్తుంది, నొప్పిని ఇంకా ఎగదోస్తుంది. అదే సమయంలో కడుపు కదలిక బాగా మందగిస్తుంది. పొద్దున తిన్న ఇడ్లీ కూడా ముందుకు పోదు. మాత్ర ఒంటికి పట్టాలంటే కడుపు దాటి పేగుల్లోకి చేరాలి కదా. నొప్పి ముదిరాక వేసిన మాత్ర కడుపులోనే నిలిచిపోయి, చివరికి వాంతిలో పడిపోతుంది. ఇంకొకటి కూడా జరుగుతుంది. నొప్పి గంటా రెండు గంటలు సాగేసరికి మెదడు కిందిభాగంలో, ఇంకా లోపల ఉన్న నరాల కణాలు కూడా రేగిపోతాయి. అప్పుడు జుట్టు దువ్వినా, కళ్లజోడు కాడ తగిలినా, చెవికమ్మ ఊగినా ఓర్చుకోలేరు. అక్కడిదాకా వచ్చాక మైగ్రేన్ కోసమే తయారైన ట్రిప్టాన్ మాత్రలు కూడా సరిగ్గా పనిచేయవు. మందు లేకుండా వదిలేస్తే పెద్దవాళ్లలో ఈ నొప్పి 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. అంటే అరగంట దగ్గర పట్టుబట్టినందుకు మూడు రోజుల పని పోవచ్చు.

ఇప్పుడు ఆ అరగంటలో జరగాల్సినవి. మనిషి వివరణలు ఇచ్చుకోనక్కర లేకుండా ముందే ఒక మాట అనుకుని ఉంచండి. "తల మొదలైంది" అంటే చాలు, పక్కనున్నవాళ్లు కౌంటరు అందుకోవాలి. నొప్పి మధ్యలో మాట్లాడడమే కష్టం. కొందరికి మాట తడబడుతుంది కూడా. ముందు ఏదైనా రెండు ముద్దలు కడుపులో పడాలి. రెండు బిస్కెట్లో, ఒక అరటిపండో, చెనక్కాయ ఉండో. ఆ వెంటనే మాత్ర, దానితో ఒక నిండు గ్లాసు నీళ్లు, పావు లీటరు. గుక్కెడు నీళ్లతో మింగితే లాభం లేదు. కడుపులో తిప్పడం ముందునుంచే ఉంటే, డాక్టరు రాసిచ్చిన వాంతి మాత్ర కూడా దానితోపాటే వేసుకోవాలి. వాటిలో కొన్ని వాంతిని ఆపడమే కాదు, నిలిచిపోయిన కడుపును కదిలిస్తాయి కూడా.

మాత్ర ఏది, ఎంత అన్నది డాక్టరు చెప్పాల్సిన విషయం. అయితే మోతాదు తగ్గించి వేసుకుని "నాకు ఏ మందూ పనిచేయదు" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకని మామూలుగా పెద్దవాళ్లకు రాసేవి చెబుతున్నాం. పారాసిటమాల్ అయితే ఒక్కసారికి 1000 మిల్లీగ్రాములు, అంటే 500వి రెండు. ఐబుప్రోఫెన్ 400, నాప్రోక్సెన్ 500. ఈ రెండూ పరగడుపున వద్దు. కడుపులో పుండు ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, నొప్పి మాత్రలకు ఆయాసం వచ్చేవాళ్లు, గర్భిణులు వీటి జోలికి పోకూడదు. సుమాట్రిప్టాన్ 50 లేదా రైజాట్రిప్టాన్ 10 డాక్టరు చీటీ మీదే తీసుకోవాలి. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు అవి పనికిరావు. నొప్పి రాకుండా రోజూ వేసుకునే ప్రొప్రనలోల్ వాడుతున్నవాళ్లకు రైజాట్రిప్టాన్ 10 కాదు, 5 ఇస్తారు. కళ్ల ముందు మెరుపులు వచ్చేవాళ్లు ట్రిప్టాన్‌ను మెరుపులప్పుడు కాకుండా నొప్పి అందుకోగానే వేసుకోవాలి.

మాత్ర పడ్డాక కళ్లు మూసుకుని ఇరవై నిమిషాలు. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి మెడ వెనకో నుదుటి మీదో పెట్టుకోవాలి. పదిహేను నిమిషాలు చాలు, నేరుగా చర్మం మీద పెట్టకూడదు. ఫోన్ చూడకూడదు. "తగ్గిందా?" అని ఐదు నిమిషాలకోసారి తలుపు తీసి అడగకండి. తలుపు తీసినప్పుడల్లా వెలుగు పడుతుంది. లేచే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. నిలబడి, చెప్పులు సర్దుకుంటున్నట్టు తల కిందికి వంచాలి, నాలుగు మెట్లు ఎక్కి దిగాలి. మైగ్రేన్ కదిలితే పెరిగే నొప్పి. వంగినప్పుడు కణత దగ్గర దడదడ కొడితే ఇంకా ఇరవై నిమిషాలు కావాలి. కొట్టకపోతే మెల్లగా పనిలోకి రావచ్చు. నొప్పి పూర్తిగా దిగడానికి మాత్ర వేసిన దగ్గరి నుంచి రెండు గంటల దాకా పడుతుంది. ఆ రెండు గంటలూ కూర్చుని చేసే పని, గిరాకీతో మాట్లాడక్కరలేని పని అప్పగిస్తే చాలు.

దీనికి కావలసిన చోటు గురించి. గాంధీ రోడ్డులో అంగడికి అడుగు అడుగుకూ ఎంత అద్దె కడుతున్నారో మాకు తెలుసు, ప్రత్యేకంగా గది కట్టమనడం లేదు. ఒక మనిషి కాళ్లు చాపుకునే మూల, ఒక చాప లేదా వాలు కుర్చీ, కిటికీకి ముదురు రంగు గుడ్డ, ఫ్యాను, నీళ్ల బాటిల్, వాంతికి మూత ఉన్న బకెట్. బాత్‌రూమ్ దగ్గర్లో ఉండాలి. ఇక్కడ తప్పు జరిగేది ఎక్కువగా వాసనల దగ్గర. చీరల అంగళ్లలో సాధారణంగా గోడౌన్ చూపిస్తారు. అక్కడ కలరా ఉండల వాసన, కొత్త గుడ్డల గంజి వాసన గుప్పుమంటాయి. హోటల్లో అయితే వంటగది పక్కన స్టోరు. తాళింపులో ఎండుమిరపకాయ పడిందంటే ఆ మనిషి అక్కడ ఉండలేరు. లాడ్జీల్లో కడిగిన దుప్పట్లు పెట్టే గది ఉంటుంది, అది బాగుంటుంది. ఫినాయిల్ డబ్బాలు మాత్రం బయట పెట్టించండి. జనరేటరు పక్క గది వద్దు, డీజిల్ పొగ, చప్పుడు రెండూ చేరతాయి.

వాసన మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. మనది గుడి ఊరు. తెల్లారి షట్టర్ ఎత్తగానే దీపం, అగరొత్తులు, సాంబ్రాణి లేకుండా అంగడి తెరవరు. అవి లేకుండా తెరవమని మేం కూడా అడగం. అగరొత్తులు ఒకటి రెండు వెలిగించి, అవి అయిపోయేదాకా షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంచండి, ఏసీ తర్వాత వేయండి. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో సాంబ్రాణి పొగ మధ్యాహ్నం దాకా తిరుగుతూనే ఉంటుంది. పొగ పట్టే పని మైగ్రేన్ ఉన్న మనిషికి అప్పగించకండి. ఏసీ గదిలో కొట్టే సెంటు స్ప్రేలు అయితే పూర్తిగా మానేయొచ్చు.

వెలుతురు. పాత చోక్ ఉన్న ట్యూబులైటు సెకనుకు వంద సార్లు వెలిగి ఆరుతుంది. కంటికి తెలియదు, కానీ ఈ నొప్పి ఉన్నవాళ్ల మెదడు దాన్ని భరించలేదు. ఎల్‌ఈడీకి మారిస్తే సగం పని అయినట్టే, కానీ చవకరకం ఎల్‌ఈడీలు కూడా ఇలాగే మిణుకుతాయి. పరీక్షించడం తేలిక. ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి దీపాన్ని వీడియో తీయండి. వెలుగు కొట్టుకుంటున్నట్టో, అడ్డంగా నల్లటి చారలు పాకుతున్నట్టో కనిపిస్తే ఆ దీపం మార్చాలి. జరీ మెరవాలని చీరల ర్యాకుల మీద పెట్టే ఫోకస్ లైట్లు నిలబడిన మనిషి కళ్లలోకి కాకుండా గుడ్డ మీదికి తిప్పండి. కంప్యూటర్ తెర వెనక కిటికీ ఉంటే బల్ల తిప్పి వేయాలి. ఎండలో నల్ల కళ్లద్దాలు, టోపీ మంచివే. లోపల కూడా రోజంతా నల్లద్దాలు పెట్టుకుంటే కళ్లు చీకటికి అలవాటు పడి మామూలు వెలుతురు కూడా గుచ్చుకోవడం మొదలవుతుంది. కాబట్టి "అద్దాలు పెట్టుకుని కూర్చో" అనడం సాయం కాదు.

జుట్టు గురించి కూడా చెప్పాలి. ఆడపిల్లలు బిగించి ముడి వేసుకోవాలని, దాని చుట్టూ రెండు మూరల మల్లెలు ఉండాలని కొన్ని చోట్ల నియమం ఉంటుంది. జుట్టు లాగి పట్టడమే తలనొప్పికి కారణమవుతుంది, మల్లెల ఘాటు కొందరికి మైగ్రేన్‌ను లేపుతుంది. వదులు జడ, పూలు లేకపోయినా పర్వాలేదు అన్న ఒక్క మాట చాలు. నిలబడే పనిలో గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. పక్కనున్న తమిళనాడు 2021లోనే అంగళ్లలో పనిచేసేవాళ్లకు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని చట్టం తెచ్చింది, అంతకుముందు 2018లో కేరళ తెచ్చింది. ఒక స్టూలు పెట్టడానికి మన అంగళ్లలో చట్టం దాకా పోవాల్సిన పని లేదు.

అసలు నొప్పి రాకముందే శరీరం చెబుతుంది. కొన్ని గంటల ముందు, ఒక్కోసారి రెండు రోజుల ముందు మెడ పట్టేస్తుంది, ఆవులింతలు ఆగవు, తీపి తినాలనిపిస్తుంది, ఊరికే చిరాకొస్తుంది, మాటిమాటికీ బాత్‌రూమ్‌కు పోవాల్సి వస్తుంది. నిద్ర చాలక ఆవులిస్తున్నారని మీరు అనుకునేది ఇదే. చాక్లెట్ తిన్నందువల్ల నొప్పి వచ్చిందని చాలామంది చెబుతారు. నిజానికి కొన్నిసార్లు నొప్పి మొదలయ్యే దశలోనే ఆ తీపి మీదికి మనసు పోతుంది. ఈ సూచనలు కనిపించిన రోజు ఆ మనిషిని ఎండలోకి, డెలివరీకి, స్టాకు మోయడానికి పంపకండి. మైగ్రేన్ ఉన్నవాళ్లలో పావు నుంచి మూడో వంతు మందికి నొప్పికి ముందు కంటి చూపులో వంకర టింకర మెరుపు గీతలు, మధ్యలో మాసినట్టు మచ్చ వస్తాయి. ఐదు నిమిషాల నుంచి గంట లోపు ఉంటాయి. కొందరికి వేళ్లలో మొదలైన తిమ్మిరి మెల్లగా చెంపదాకా పాకుతుంది.

ఆ మెరుపుల సమయంలో బండి నడపకూడదు. ఇది ట్రావెల్స్ యజమానులకు, ఆటో స్టాండు పెద్దలకు, డిపోల్లో డ్యూటీలు వేసేవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాం. ఘాట్ రోడ్డు మలుపులో అద్దం సగం కనిపించని డ్రైవరు స్టీరింగ్ పట్టుకుని ఉండడం ఎవరికీ మంచిది కాదు. బండి పక్కకు తీసి ఆపినా జీతం కోసేది లేదని ముందే మాటివ్వండి, అప్పుడే నిజం చెబుతారు. ఘాట్ రోడ్డు ప్రయాణమే మైగ్రేన్ ఉన్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. కొండ మీద డ్యూటీ ఉన్నవాళ్లకు బస్సులో ముందు సీటు దొరికేలా చూస్తే చాలామంది వాంతి లేకుండా పైకి చేరతారు. నడిచి ఎక్కేవాళ్లు అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2388 మెట్లు ఎక్కాలి. ఆ మెట్లు ఉపవాసంతో, నీళ్లు లేకుండా ఎండలో ఎక్కితే నొప్పి రాకుండా ఉండేవాళ్లు తక్కువ. పొద్దున్నే, కడుపులో ఏదైనా వేసుకుని, నీళ్లు తాగుతూ ఎక్కాలి.

భోజనం టైము తప్పడం, నీళ్లు తాగకపోవడం, నిద్ర తారుమారు కావడం. మన ఊళ్లో నొప్పిని లేపేవాటిలో ఈ మూడే ముందుంటాయి. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ, వైకుంఠ ఏకాదశికీ, వేసవి సెలవుల్లోనూ అంగళ్లలో అన్నం నాలుగింటికి దిగుతుంది. గిరాకీ ఉన్న రోజుల్లో అందరినీ కూర్చోబెట్టి తినిపించలేరు, తెలుసు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక్కొక్కరినీ పది నిమిషాలు వదలండి. సంగటి ముద్దో, పెరుగన్నమో, రెండు ఇడ్లీలో పడితే చాలు. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు పూర్తిగా కటిక ఉపవాసం ఉండకుండా పాలు, పండు, మజ్జిగ మూడు గంటలకోసారి తీసుకోవాలి. కత్తిరి ఎండల్లో చెమట బాగా పోతుంది కాబట్టి ఉప్పు వేసిన పలచటి మజ్జిగ కుండ ఒకటి అంగడిలో పెట్టించండి. వాంతులైతే ఓఆర్‌ఎస్ పొడి కావాలి. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు.

కాఫీ విషయంలో మన జిల్లావాళ్లకు ఒక మాట. రోజూ ఆరింటికి ఫిల్టర్ కాఫీ తాగే మనిషి ఆదివారం తొమ్మిదింటికి లేస్తే తలనొప్పితో లేస్తారు. కాఫీ ఆలస్యం కావడం, నిద్ర ఎక్కువ కావడం రెండూ కలుస్తాయి. రోజుకు రెండు కప్పులు, అవీ ఒకే వేళకు. లాడ్జీల్లో రాత్రి డ్యూటీలు వేసేవాళ్లు ఒకరోజు పగలు, ఒకరోజు రాత్రి మార్చి మార్చి వేయకుండా మైగ్రేన్ ఉన్నవాళ్లను ఒకే షిఫ్టులో నెలంతా ఉంచండి. చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్లు తెల్లారి ఐదింటికే లేస్తారు, టిఫిన్ తినకుండానే బస్సెక్కుతారు. వాళ్లు అంగట్లో అడుగుపెట్టగానే తినడానికి పది నిమిషాలు ఇస్తే పదకొండింటికి నొప్పి లేవకుండా ఉండే అవకాశం పెరుగుతుంది.

బడుల, కాలేజీల పెద్దలకు. పిల్లల్లో ఈ నొప్పి ఒంటివైపే రావాలని లేదు, నుదురంతా వస్తుంది. రెండు గంటలకే తగ్గిపోవచ్చు. వాంతి చేసుకుని నిద్రపోయి లేచి ఆడుకుంటారు. అది చూసి నాటకం అనుకోకండి, పిల్లల మైగ్రేన్ తీరే అంత. ఎండలో ప్రార్థనకు నిలబెట్టినప్పుడు ఈ నొప్పి ఉన్న పిల్లలను నీడలో నిలబెట్టండి. పిల్లలకు మాత్ర బరువును బట్టి. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, ఐబుప్రోఫెన్ కిలోకు 10. ముప్పై కిలోల పిల్లకు పారాసిటమాల్ 450 అవుతుంది, 250 ఇస్తే దాదాపు సగమే. పదహారేళ్లలోపువాళ్లకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. తల్లిదండ్రుల చేత మందు పేరు, మోతాదు రాయించుకుని ఆఫీసు రూములో ఉంచితే ఫోన్లు చేస్తూ గంట పోగొట్టుకోవాల్సిన పని ఉండదు. హాస్టలున్న జూనియర్ కాలేజీల్లో తెల్లారి ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు ఉంటాయి. మైగ్రేన్ ఉన్న పిల్లకు చాలినంత నిద్ర దొరకకపోతే ఏ మందూ నిలబడదు. రాత్రి ఆఖరి గంట మినహాయించండి. పరీక్ష హాల్లో కిటికీ ఎండ పడని చోటు, నీళ్ల బాటిల్, మాత్ర వేసుకోవడానికి అనుమతి.

మందుల షాపుల అన్నలకు, అక్కలకు ఈ ఉత్తరంలో ఇదే ముఖ్యమైన భాగం. తలనొప్పి మాత్రలు ఎక్కువ వాడితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెస్తాయి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి ఒకే మందు ఉన్న మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లూ కెఫీన్ కలిపిన మాత్రలూ 10 రోజులు, మూడు నెలలకు మించి సాగితే ఆ స్థితి వస్తుంది. అది వచ్చాక ఆ మాత్రలు ఆపడమే వైద్యం, మొదటి వారం రెండు వారాలు నొప్పి ఎక్కువవుతుంది కూడా. ఒకే మనిషి వారంలో మూడోసారి "తలనొప్పికి రెండియ్యి" అని వస్తే ఒక మాట అడగండి, ఈ నెలలో ఇవి ఎన్ని రోజులు వేసుకున్నారని. స్ట్రిప్పులో రెండు కత్తిరించి ఇచ్చేటప్పుడు గడువు తేదీ ఉన్న ముక్క వాళ్లకే ఇవ్వండి. ఈ మాత్రలు స్కూటర్ సీటు కింద పెట్టుకోవద్దని చెప్పండి. మే నెలలో అక్కడ మందు పాడవుతుంది.

ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు చాలు లెక్కకు. నొప్పి వచ్చిన రోజు తేదీ గడిలో ఎర్ర పెన్నుతో ఒక గీత, మాత్ర వేసుకున్న రోజు ఒక చుక్క. ఆడవాళ్లు నెలసరి మొదలైన రోజుకు వేరే గుర్తు పెట్టాలి. నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా నొప్పి వస్తూ ఉంటే డాక్టరు ఆ రోజులకే ప్రత్యేకంగా మందు రాయగలరు. నెలాఖరుకు చుక్కలు పది దాటాయా అన్నదే చూడాల్సింది. నెలకు నాలుగు రోజులకు మించి నొప్పి వచ్చేవాళ్లకు రోజూ వేసుకునే నివారణ మందులు ఉన్నాయి. ప్రొప్రనలోల్, ఫ్లూనరిజైన్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్. వారంలో తెలియదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చూడాలి. నెల రోజులకే "పనిచేయలేదు" అని ఆపేసేవాళ్లు చాలామంది. టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ గర్భం వచ్చే వయసు ఆడవాళ్లకు ప్రమాదం, డాక్టరుకు ఆ మాట ముందే చెప్పాలి. మెరుపులతో మైగ్రేన్ వచ్చే ఆడవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఇలాంటివి చూడడానికి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (నరాల జబ్బుల) విభాగం మన ఊళ్లోనే ఉంది. ఓపీకి పోవడానికి పొద్దుటి పూట ఒకటి కావాలి, ఆ పూట జీతం కోయకండి.

అన్ని తలనొప్పులూ మైగ్రేన్ కావు. ఎవరికైనా ఒక్క నిమిషంలో తల పగిలిపోయేంత నొప్పి ఒక్కసారిగా వస్తే మూలకు పంపకండి, 108కి ఫోన్ చేయండి. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మూతి వంకర పోవడం, చేయి కాలు పట్టు తప్పడం, స్పృహ తప్పడం, ఫిట్స్, తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, ఇవన్నీ వెంటనే ఆసుపత్రికి పోవాల్సినవి. గర్భిణికి ఐదో నెల దాటాక కొత్తగా పెద్ద తలనొప్పి, చూపు మసక వస్తే బీపీ చూపించాలి. కాన్పయిన కొత్తలో వచ్చే తలనొప్పి కూడా అంతే. యాభై దాటాక మొదటిసారి ఇలాంటి నొప్పి వచ్చినా డాక్టరు చూడాలి. మైగ్రేన్ పాతదే అయినా, నొప్పి తీరు మారితే కూడా.

నొప్పి దిగిన మరుసటి రోజు గురించి ఎవరూ అడగరు. మనిషి పనికి వస్తారు, నవ్వుతారు, కానీ తల దిమ్ముగా ఉంటుంది, లెక్కలు రెండుసార్లు చేస్తే రెండు రకాలు వస్తాయి, మెడ నొప్పిగా ఉంటుంది. ఈ మగత ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఉంటుంది. ఆ రోజు గల్లాపెట్టె లెక్క, బ్యాంకు డిపాజిట్టు, బిల్లింగు వాళ్ల చేత చేయించకండి. చీరలు మడతపెట్టడం, బిల్లులు వరుసలో పెట్టడం, స్టాకు పేర్లు సరిచూడడం లాంటివి ఇవ్వండి. ఆ రోజు లెక్కలో యాభై రూపాయలు తేడా వస్తే జీతంలో పట్టుకోకండి.

రేపు పొద్దున షట్టర్ ఎత్తే ముందు ఒకసారి అంగడంతా చూసి ఆ మూల ఏదో ఖాయం చేయండి. చాప పరిచి, బకెట్ పెట్టి, కిటికీకి గుడ్డ కట్టి, "తల మొదలైంది అంటే ఇక్కడికి రండి" అని అందరి ముందూ చెప్పండి. ఎవరికి ఉందో చెప్పమని అడగక్కరలేదు. అవసరం వచ్చినప్పుడు వాళ్లే వస్తారు.

ఇట్లు
తిరుపతిలో ఒంటి తలనొప్పితో పనికీ బడికీ పోయేవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు